ఒట్టు తప్పిన మఱునాడు



కార్తికమాసము వచ్చునప్పటికి మన యూళ్లలో ఒక మార్పు కనబడును. నిన్నటిదాక ప్రతి సాయంకాలమును వైన్‌షాపు ముంగిటనే గడపిన మనుష్యుడు నల్లబట్టలు కట్టి, మెడలో మాల వేసికొని, తెల్లవాఱకమునుపే చన్నీట స్నానమాడి, నేలమీద పరుండి, మద్యమునుగాని మాంసమునుగాని పొగాకునుగాని తాకక, ఎల్లరచేతను స్వామి యని పిలిపించుకొనుచు నలువదియొక్క దినములు మండలదీక్ష నడపును. ఇంటివారు ఆ దినములను వ్రేళ్లపై లెక్కించుకొందురు. ఆ లెక్కలో భక్తితోపాటు బెదురును గలదు. శబరిమలనుండి మరలివచ్చి మాల తీసిన సాయంకాలముననే పాత స్నేహితులును పాత సీసాయును ఎదురువచ్చుట వారిలో కొందఱు మునుపు చూచియే యున్నారు.

దీనిని చూచి పరిహసించువారు గలరు. నాకిందు పరిహాసాస్పదమైన దేదియు కనబడదు. మానలేనివాడని లోకము తీర్మానించిన మనుష్యుడే, వేషమును సాంగత్యమును దినచర్యయు మాఱిన వెంటనే, నలువది దినములు మానగలిగెను గదా! అయితే మానుట యొకటి, మానియుండుట వేఱొకటి. దీక్షకు నియమములున్నవి, గురుస్వామి యున్నాడు, తోడిస్వాములున్నారు. దీక్ష ముగిసిన మఱునాటికి ఏమియు లేదు. ఆ మఱునాటిని గూర్చి మిక్కిలి శ్రద్ధతో ఆలోచించిన చికిత్సాపద్ధతి యొకటి అమెరికాలో పుట్టినది. దానిని డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అందురు. వైద్యులు పొట్టిగా డీబీటీ అని పిలుతురు. ఆ పద్ధతి వ్యసనగ్రస్తునకు నేర్పు విద్యలను గూర్చి ఈనాడు మీతో కొంత ముచ్చటింప దలచితిని.

మన యిండ్లలో త్రాగుడునకు తరతరములుగా తెలిసిన మందు ఒట్టు. బిడ్డ తలమీద చేయి పెట్టించి, లేదా దేవుని పటము ముందట కర్పూరము వెలిగించి ఆర్పించి, ఇక ముట్టనని చెప్పింతురు. చెప్పునప్పుడు వాడు అబద్ధమాడుట లేదు. ఆ క్షణమున వానికంటె సత్యవాది యుండడు. కాని పది దినములకో నెలకో ఎక్కడనో ఒక గ్లాసు చేతికి వచ్చును. ఆ మొదటి గ్లాసు చేసిన కీడుకంటె దాని వెనుక మనస్సులో మెదలిన మాట చేయు కీడు ఎక్కువ: "ఎలాగూ తప్పింది కదా. ఇంక ఒకటైతే ఏంటి, పదైతే ఏంటి?" సిగ్గును ముంచుటకు రెండవది, రెండవదాని సిగ్గును ముంచుటకు మూడవది. సియాటిల్ నగరమందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన అలన్ మార్లాట్ ఈ సంగతిని శాస్త్రీయముగ పరిశీలించి, జూడిత్ గార్డన్‌తో కలసి 1985లో ప్రకటించిన గ్రంథమున దానిని విపులముగ చర్చించెను. వ్రతభంగమైన తరువాత పుట్టు ఆత్మధిక్కారమే మనుష్యుని చిన్న జాఱుపాటునుండి పెద్ద పతనమునకు ఈడ్చుకొనిపోవుచున్నదని ఆయన చూపెను. మనుష్యుని మాట యటుండనిండు. రాష్ట్రము మాత్రము వేఱా? నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో లేవదీసిన సారా వ్యతిరేకోద్యమము ఫలించి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమను మహాసంకల్పము జరిగినది; 1997 నాటికి అది సడలినది. అది యిక్కడ ముచ్చట కొఱకు చెప్పినమాట మాత్రమే. ఆ స్త్రీల ధైర్యమునకు దానివలన లోటు లేదు.

ఇక డీబీటీని రూపొందించిన మార్షా లైనెహన్ కథ. ఆమె 1943లో ఓక్లహోమా రాష్ట్రమందలి టల్సా పట్టణమున జన్మించెను. పదునేడేండ్ల ప్రాయమున, 1961లో, తన దేహమునకు తానే హాని చేసికొనుచుండుటచే హార్ట్‌ఫర్డ్ నగరమందలి ఒక మానసిక చికిత్సాలయమున చేర్పబడి, రెండేండ్లకు పైగా అచ్చట నుండెను. పలు మందులు వాడిరి, విద్యుత్ చికిత్సయు చేసిరి, ఏకాంతపు గదిలోను ఉంచిరి, మేలు కలుగలేదు. ఈ నరకమునుండి బయటపడినచో మరలి వచ్చి తక్కినవారిని బయటికి తెత్తునని ఆ బాలిక ఆనాడు సంకల్పించుకొనెనట. తరువాత చదివి, మనశ్శాస్త్రమున ఆచార్యపదవి నందుకొని, మార్లాట్ పనిచేయుచున్న ఆ వాషింగ్టన్ విశ్వవిద్యాలయముననే పరిశోధన సాగించెను. తన పూర్వకథను మాత్రము చిరకాలము లోకమునకు చెప్పక దాచి, 2011లో ఆ చికిత్సాలయమునకే పోయి, అచ్చటి సభలో బహిరంగముగ చెప్పెను. ఒట్టు పెట్టుకొన్నవారిలో నెఱవేర్చినవారును గలరని చూపుటకే ఈ కథ చెప్పితిని.

ఆమె యెదుర్కొన్న చిక్కు ఇట్టిది. ఆత్మహత్యాప్రయత్నములు చేయువారికి "నీవు ఇది మార్చుకో, అది మార్చుకో" యని చెప్పు ప్రవర్తనచికిత్సను మాత్రమే ఇచ్చినప్పుడు వారు దానిని నిందగా గ్రహించి అలిగి పోయిరి. "పాపము, నీ బాధ నాకు తెలియును" అను ఓదార్పు మాత్రమే ఇచ్చినప్పుడు, బాధ బాధగానే యుండగా ఏమియు మాఱకపోవుటచే నిరాశపడిరి. ఉన్నవానిని ఉన్నట్లు అంగీకరించుటయు, వాడు మాఱితీరవలెనని పట్టుబట్టుటయు, పరస్పరవిరుద్ధములుగ తోచు ఈ రెంటిని ఒకే గదిలో, ఒకే గంటలో, ఒకే మనుష్యునియెడ నడపుటయే ఆమె కనుగొన్న మార్గము. అంగీకారమను సగమును ఆమె జెన్ ధ్యానసంప్రదాయమునుండి నేర్చుకొనెను. బౌద్ధధ్యానము మన దేశమునుండి చీనాకును, అచ్చటినుండి జపానుకును పోయి జెన్ అయినదని మీరెఱుగుదురు. ఈ పద్ధతి ఫలితములను గూర్చిన ఆమె తొలి పరీక్ష 1991లోను, ప్రధానగ్రంథము 1993లోను వెలువడినవి. పిమ్మట మద్యమాదకద్రవ్యములకు దాసులైనవారికి తగినట్లు దీనిని మార్చి, 1999లోను 2002లోను పరీక్షాఫలితములు ప్రకటించిరి.

ఆ పరీక్షలను గూర్చి ఉన్నదున్నట్లు చెప్పవలెను. అవి చిన్నవి, అందలి రోగులు వ్యసనముతోపాటు తీవ్రమైన భావోద్వేగరోగమునుగూడ అనుభవించుచున్న స్త్రీలు. 2002నాటి పరీక్ష హెరాయిన్ మొదలగు నల్లమందు జాతి మత్తులకు బానిసలైన 23 మందిపై జరిగినది. డీబీటీ పొందినవారు తమ మేలును సంవత్సరాంతము వఱకు నిలుపుకొనిరి. ఇంకొక చికిత్స పొందినవారు చివరి నెలలలో కొంత వెనుకకు జాఱిరి. అయితే ఆ రెండవ చికిత్సలో ఒక్కరును మధ్యలో మానిపోలేదు, డీబీటీలోనో నూటికి అఱువదినలుగురు మాత్రమే కడదాక నిలిచిరి! కావున ఇది సర్వరోగనివారిణి కాదు. దీని గొప్పతనము నా దృష్టిలో గణాంకములలో కంటె ఆలోచనలో ఎక్కువగా నున్నది.

ఆ ఆలోచన యిది. చికిత్స మొదటి దినముననే రోగిచేత సంపూర్ణ విసర్జనమునే సంకల్పింపజేయుదురు. "తగ్గించుకుంటాను", "పండగలకు మాత్రమే" అను బేరములు చెల్లవు. అయితే ఆ సంకల్పమునకు గడువును రోగియే నిర్ణయింపవలెను. నిశ్చయముగ నిలుపుకొనగలనని తనకు తోచినంత కాలమునకే మాట యీయవలెను: ఒక నెలయైన సరే, ఒక దినమైన సరే, కడకు అయిదు నిమిషములైన సరే. గడువు తీరినవెంటనే మాటను మరల క్రొత్తగా ఇచ్చుకొనవలెను. యావజ్జీవమునకు ఒక్కసారే వేయు ఒట్టుకంటె అయిదు నిమిషముల ఒట్టును పదేపదే వేయుట అల్పముగ తోచవచ్చును. కాని యావజ్జీవము ఎవని చేతిలోను లేదు, అయిదు నిమిషములు మాత్రము ఉన్నవి.

ఇంతవఱకు ఒక పార్శ్వము. ఇట్లు నూటికి నూఱుపాళ్లు మానుదునని దృఢముగ నిలిచిన ఆ మనుష్యునిచేతనే, ఒకవేళ జాఱినచో ఏమి చేయవలెనో ముందుగా కాగితముమీద వ్రాయింతురు. ఎవరికి ఫోను చేయవలెను? జేబులో మిగిలిన డబ్బు ఎవరిచేతికి ఈయవలెను? సీసాలో మిగిలినదానిని ఎక్కడ పాఱబోయవలెను? రాత్రి ఎక్కడ పరుండవలెను? మఱునాడు పనికి పోవుట యెట్లు? "ఇట్లు ముందే వ్రాయించుట త్రాగుమని సెలవిచ్చుటయే గదా" యని పెద్దలు కోపింతురు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరులో వేలమందిని పొట్టబెట్టుకొన్న తరువాత మన సముద్రతీరమున తుపాను ఆశ్రయభవనములు కట్టిరి. కట్టినవారెవ్వరును తుపానును కోరి కట్టలేదు. తుపాను రాకూడదను ప్రార్థనయు, వచ్చిననాటికి మేడ సిద్ధముగ నుండవలెనను జాగ్రత్తయు ఒకే ఊరిలో ఇముడుచున్నవి. ఒకే మనస్సులో ఏల ఇముడరాదు?

జాఱిన మఱునాడు వైద్యుడు నిందింపడు, బుజ్జగింపడు, విచారణ చేయును. నిన్న ఉదయమునుండి ఏమేమి జరిగినది? రాత్రి నిద్ర పట్టినదా? మధ్యాహ్నము భోజనము చేసితివా? ఎవరితో మాటపట్టింపు వచ్చినది? ఏ వీధిని నడచితివి? ఈ విచారణలో తఱచుగ తేలు విశేష మేమనగా, త్రాగవలెనను నిర్ణయము సీసా చూచినప్పుడు జరుగలేదు. పెరుగు ప్యాకెట్టు కొఱకు బయలుదేఱి, దగ్గఱి కొట్టు విడిచి, బెల్టుషాపు పక్కసందులోని కొట్టునకు పోవుటలోనే జరిగిపోయినది. పైకి త్రాగుడుతో సంబంధమే లేనట్లు కనబడు ఇట్టి చిన్న నిర్ణయములను పట్టుకొనుట ఒక విద్య. అందుకే వంతెనలను తగులబెట్టుమని ఈ పద్ధతి బోధించును: సారా తెచ్చి యిచ్చువాని నంబరును ఫోనులోనుండి తుడిచివేయవలెను, యింట దాచిన సీసాలను బయటికి తీయవలెను, ఎవరెవరితో త్రాగుదువో వారందఱితో "మానేశాను" అని నోరు తెఱచి చెప్పవలెను. ఈ కడపటి పనియే కష్టము. రహస్యముగ మానువానికి రహస్యముగ మొదలుపెట్టుటయు సులభమే గదా.

డీబీటీ నేర్పు విద్యలను నాలుగు తరగతులుగ విభజింతురు. వర్తమానమునందు మనస్సు నిలుపుట, పరిస్థితిని మఱింత చెడగొట్టుకొనక బాధను భరించుట, ఉద్రేకములను దిద్దుకొనుట, మనుష్యులతో నడచుకొనుట. వీనిని వారమువారము పాఠశాలలోవలె గుంపుగ కూర్చుండబెట్టి చెప్పి, ఇంటిపని యిచ్చి, మఱువారము అప్పగించుకొందురు. రోగి ప్రతి దినమును ఎంత కోరిక పుట్టినది, ఏ విద్య వాడితిని అని చిట్టా వ్రాసికొనవలెను. అన్నిటిని ఇక్కడ వివరింప కాలము చాలదు. త్రాగుడు విషయమున మిక్కిలి అక్కఱకు వచ్చు రెండు మూడింటిని చెప్పెదను.

మొదటిది కోరిక పొంగినప్పుడు చేయవలసినది. కోరిక నిలుకడగ పెరుగుచు పోవునదని త్రాగువాడు నమ్మును. తీర్చనిచో తాను పిచ్చివాడగుదునని భయపడును. మార్లాట్ దానిని సముద్రపు అలతో పోల్చెను: లేచును, శిఖరము చేరును, విఱుగును. దానితో కుస్తీ పట్టక, దానికి లొంగక, గొంతులో ఎట్లున్నది, అఱచేతులలో ఎట్లున్నది, కడుపులో ఎట్లున్నది అని సాక్షివలె గమనించుచు విఱుగువఱకు కూర్చుండుట అభ్యసింపవలెను. కూర్చుండలేనంత ఉద్ధృతముగ నున్నప్పుడు దేహముద్వారా మనస్సును పట్టుకొను ఉపాయము గలదు. వెడల్పుగల పాత్రలో చల్లని నీళ్లు పోసి, వంగి, ఊపిరి బిగబట్టి, కన్నులును చెంపలును మునుగునట్లు అరనిమిషము ముఖము ముంచినచో గుండె వేగము తగ్గును. నీట మునిగిన ప్రాణికి ప్రకృతి యిచ్చిన స్వభావమది. హృద్రోగము గలవారు వైద్యు నడుగక దీనిని చేయరాదు. నీళ్లు మఱీ మంచువలె నుండనక్కఱలేదు. పిమ్మట నిశ్వాసమును ఉచ్ఛ్వాసముకంటె దీర్ఘముగ నడపుచు నిదానముగ ఊపిరి తీయవలెను. ఇవి కోరికను చంపవు. చేయి గ్లాసువైపు పోకుండ ఆ పది నిమిషములు దాటించును. ఆ పది నిమిషములలోనే చికిత్సకునికి ఫోను చేయవలెను. ఈ పద్ధతిలో ఫోను చేయుటయు చికిత్సలో భాగమే. అయితే త్రాగిన తరువాత ఏడ్చుటకు కాదు, త్రాగకముందు ఉపాయ మడుగుటకు.

రెండవది మనోదశలను గుర్తించుట. కోరికచే ఏలబడు మనస్సు ఒకటి. దాని దోషము అందఱికి తెలిసినదే. కొంతకాలము మానిన తరువాత వచ్చు ధీమా మనస్సు రెండవది. ప్రమాదమంతయు దీనియందే యున్నదని నా యభిప్రాయము. "నాకేం కాదు, నలభై రోజులు మానినవాణ్ణి, పార్టీకి పోయి కూల్‌డ్రింకు తాగి వస్తాను" అని పలుకునది ఇదియే. మాల తీసిన సాయంకాలము మనుష్యుని వెంటబడునది వెనుకటి కోరిక కాదు, ఈ క్రొత్త ధీమా. ఈ రెంటికి మూడవదియైన మనస్సును డీబీటీ అభ్యసింపజేయును: నేను మానియున్నాను, హాయిగ నున్నాను, అయినను నేటి సాయంకాలము జాఱుటకు అవకాశమున్నది, కావున ఆ పెండ్లివిందునకు భోజనవేళకు పోయి భోజనము కాగానే వచ్చెదను. దీనిలో వీరత్వ మేమియు లేదు. లెక్క మాత్రమే యున్నది.

మనుష్యులతో నడచుకొనుట యను విద్యలో మనవారికి ప్రత్యేకమైన కష్టమొకటి గలదు. మన సమాజమున త్రాగుమను బలవంతము బంధుత్వము పేరిట జరుగును. "ఒక్క పెగ్గేరా బామ్మర్దీ! నా మాట కూడా కాదంటావా?" అని బావ యడిగినప్పుడు, కాదనుట మద్యమును కాదనుట కాక, బావను కాదనుటగ పరిణమించును. ఇచ్చట కారణములు చెప్పువాడు ఓడిపోవును. కడుపునొప్పి యన్నచో మాత్ర తెత్తురు. డాక్టరు వద్దన్నాడన్నచో డాక్టరుకంటె బావకే ఎక్కువ తెలియును! కారణము చెప్పక, కోపము తెచ్చుకొనక, అదే మాటను అదే స్వరమున మరల మరల చెప్పుమని డీబీటీ బోధించును. "లేదు బావా, మానేశాను. నువ్వు కానీయ్, నేను అన్నం తింటాను." నాలుగుమాఱులు ఒకే జవాబు విన్నవాడు అయిదవమాఱు అడుగుట యరుదు. ఈ మాటలను ఇంటివద్ద బిగ్గఱగ పలికి అభ్యసింపవలెను. నాటకములవారు పద్యము వల్లించినట్లు వల్లింపనిదే సమయమునకు నోరు రాదు.

ఇంటివారికి ఒక్క మాట. జాఱి వచ్చినవానితో ఏమనవలెను? "నీవు ఎన్ని దినములు మానితివో నాకు తెలియును, నిన్న తప్పితివనియు తెలియును, ఇప్పుడేమి చేయుదము?" అను ధోరణి ఈ పద్ధతికి సమ్మతము. బాధను గుర్తించుట వేఱు, తప్పును సమర్థించుట వేఱు. అయితే ఈ ఓర్పు యొక్క బరువంతయు భార్యల నెత్తిన పెట్టి చికిత్స యని పేరు పెట్టుట నాకు సమ్మతము కాదు. త్రాగి వచ్చి చేయిచేసికొనువాని యింట మొదట కావలసినది స్త్రీకిని బిడ్డలకును రక్షణ. మాటల నేర్పు పిమ్మట. 181 అను నంబరు అందుల కొఱకే యున్నది.

ఇక వైద్యసంబంధమైన హెచ్చరిక. దీనిని దయచేసి శ్రద్ధగ వినుడు. ఏండ్లతరబడి ప్రతిదినమును ఎక్కువగ త్రాగువాడు ఒక్కసారిగ మానినచో చేతులు వణకుట, మూర్ఛలు వచ్చుట, రెండుమూడు దినములకు మతి తప్పి లేనివి ఉన్నట్లు కనబడుట జరుగవచ్చును. ప్రాణాపాయము గూడ గలదు. తెలంగాణమున కల్తీకల్లునకు అలవాటుపడినవారి విషయమున అపాయము ఇంకను ఎక్కువ. ఆ కల్లులో కలుపు అల్ప్రజోలం, డయజెపాం వంటి మందులు ఒక్కసారిగ ఆగుటచేత మూర్ఛలతోను ఉన్మాదముతోను ఆసుపత్రులకు వచ్చినవారు అనేకులు. ఇట్టివారికి మొదట కావలసినది వైద్యుని పర్యవేక్షణలో శరీరమును నెమ్మదింపజేయుట. నేను చెప్పిన విద్యలన్నియు దాని తరువాతివి. ఒట్టు పెట్టించి గదిలో వేసి గొళ్లెము పెట్టుట చికిత్స కాదు.

ఎయిమ్స్ వైద్యులు జరిపి, కేంద్రప్రభుత్వము 2019లో ప్రకటించిన సర్వేప్రకారము మన దేశమున మద్యమునకు బానిసలైనవారిలో ముప్పదియెనిమిదిమందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందితిమని చెప్పిరి. డీబీటీని సాంగోపాంగముగ నడపవలెనన్నచో వారమువారము ఏకాంతచికిత్స, గుంపు పాఠము, ఫోను సహాయము, చికిత్సకులు తమలో తాము కూడి ఆలోచించుకొను సభ, ఇవన్నియు కావలెను. అట్టి శిక్షణ పొందినవారు మనకు తక్కువ. అయినను ఇందలి విద్యలను విడిగ నేర్పు మనస్తత్త్వవేత్తలు పెద్ద నగరములలో గలరు. ఈ పద్ధతిలో నన్ను మిక్కిలి ఆకర్షించిన ఆచారమొకటి చెప్పుట మఱచితిని. వచ్చినట్లే వచ్చి ఎగిరిపోవు రోగులను ఇందు సీతాకోకచిలుకలని పిలుతురు. వారు రాలేదని చీటీ కొట్టివేయక, చికిత్సకుడే ఫోను చేయును, ఉత్తరము వ్రాయును, అవసరమైనచో వెదకుకొనుచు పోవును. ఓ.పి. చీటీకి ఒకపూట, మందుల వరుసకు ఒకపూట నిలువబడి, ఒక్కనాడు రాలేకపోయినందులకు చీవాట్లు తిను మన రోగికి ఇట్టి వెదకులాట యెవరు చేయుదురు? ఇది డబ్బుతోనే కాక మనస్సుతోను ముడిపడిన ప్రశ్న.

వ్యసనవిముక్తి కొఱకు ప్రభుత్వము నడపు ఉచిత ఫోను నంబరు 14446. మానసికారోగ్యమునకు సంబంధించిన టెలీ మానస్ నంబరు 14416. ఇందు తెలుగులోనే మాటలాడవచ్చును. ఫోను చేయుటకు ముందు నాలుగు సంగతులు కాగితముమీద వ్రాసికొనుడు: దినమునకు ఎంత త్రాగుదురు, చివరిసారి ఎప్పుడు త్రాగిరి, మునుపెన్నడైన మాన జూచినప్పుడు మూర్ఛ వచ్చినదా, ఇప్పుడు వాడు మాత్ర లేవి. ఫోను చేయుటకు మానియుండవలసిన పనిలేదు. ఒట్టు తప్పిన మఱునాడును చేయవచ్చును.